ఇంట్లో పొదిగించిన కౌజు పిల్లలకు అటవీ శాఖ కేసు పడుతుందా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ముప్పై కౌజు గుడ్లు తెప్పించి చిన్న ఇంక్యుబేటర్‌లో పెట్టాను. పద్దెనిమిదో రోజుకు ఇరవై ఒక్క పిల్లలు బయటికొచ్చాయి. అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి హాల్లో ఓ మూల పెంచుతున్నాను. మేం అద్దెకుండేది అపార్ట్‌మెంట్‌లో. ‘కౌజులు పెంచడం నేరం, అటవీ శాఖకు ఫోన్ చేస్తాను’ అని పక్క ఫ్లాట్ ఆయన అంటున్నారు. ఇంటి ఓనరేమో వెంటనే తీసేయమంటున్నారు. ఇంకో సంగతి, మా బావమరిదికి పొలం గట్టున కౌజు గూడు కనిపించిందట. ఆ గుడ్లు కూడా తెచ్చిస్తానంటున్నాడు. పెట్టుకోవచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు తెప్పించినవి ఫారం గుడ్లయితే, అంటే జపనీస్ క్వెయిల్ గుడ్లయితే, ఆ పిల్లల్ని పెంచుతున్నందుకు భయపడక్కర్లేదు. అయితే అవి ఫారం నుంచే వచ్చాయని చూపించే కాగితం ఏదైనా మీ దగ్గర ఉందా? నాకు కావలసింది ఆ సమాధానం.

మీ పక్కింటాయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం. చిక్కంతా పేరులో ఉంది. చేలో కాలికింద నుంచి బుర్రున లేచే అడవి పిట్టనూ కౌజే అంటాం, ఫారాల్లో పెంచేదాన్నీ కౌజే అంటాం. మొదటిదానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది. రెండోది 1974లో కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చి, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పక్షి పరిశోధన సంస్థలో అభివృద్ధి చేసిన పెంపుడు జాతి. ఈ తికమక ప్రభుత్వాన్నీ వదల్లేదు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కౌజు ఫారాలకు కొత్త లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. అప్పటికే షెడ్లు వేసుకున్న రైతులు లబోదిబోమన్నారు. తర్వాత ఫారం కౌజుల మీద ఆ ఆంక్షలు సడలాయి. సడలింపు సంగతి తెలియనివాళ్లకు మాత్రం ‘కౌజు అంటే కేసు’ అన్నదే గుర్తుండిపోయింది.

ఇక కాగితం ఎందుకంటే, ఈ చట్టంలో సెక్షన్ 57 అని ఒకటుంది. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ మాత్రం చట్టం రక్షించే ప్రాణి మీ దగ్గర దొరికిందని తేలితే, అక్రమంగానే పెట్టుకున్నారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని మీరే చూపించాలి. ఏడెనిమిది గ్రాముల పిల్ల, బొటనవేలంత, ఒంటి నిండా గోధుమరంగు చారలు. అది ఫారందో అడవిదో చూడగానే చెప్పడం అందరివల్లా అయ్యే పని కాదు. ఫారం కౌజుకు పొదిగే గుణం దాదాపు పోయింది, అందుకే ఇంక్యుబేటర్ వాడాను అని మీరు అనొచ్చు. వాదన బాగానే ఉంటుంది గానీ బిల్లు ముందు దిగదుడుపే. ఆర్డర్ వివరాలు, డబ్బు కట్టిన రుజువు, గుడ్లు వచ్చిన డబ్బా మీది లేబుల్ ఇవాళే ఫొటోలు తీసి దాచండి. అమ్మినవారిని ‘జపనీస్ క్వెయిల్ హ్యాచింగ్ గుడ్లు’ అని స్పష్టంగా రాసిన బిల్లు అడగండి. చాలామంది ఉత్త ‘గుడ్లు’ అని రాసి పంపిస్తారు. అది మీకు ఎందుకూ పనికిరాదు.

ఎవరైనా అధికారి వస్తే గొడవ పడొద్దు. గుర్తింపు కార్డు అడిగి చూడండి, మీ కాగితాలు చూపించండి. పిట్టల్ని తీసుకెళ్తామంటే పంచనామా రాయించి, కాపీ తీసుకోండి. చదవకుండా సంతకం పెట్టకండి. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లకు మాత్రం మీ ఇంట్లోకి వచ్చి పిట్టల్ని పట్టుకెళ్లే అధికారం లేదు.

ఓనరు విషయం వేరు. అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువులు వద్దని రాసి ఉంటే మీరు చేసేదేమీ లేదు, ఆయన మాటే చెల్లుతుంది. రాయకపోయినా, పిల్లల్ని, గుడ్లను అమ్మడం మొదలుపెడితే నివాసానికిచ్చిన ఇంటిని వ్యాపారానికి వాడుతున్నారని అంటారు. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108 ఆయన పక్షానే ఉంది.

నాకు అటవీ శాఖ కంటే మీ పక్కింటాయన గురించే ఎక్కువ బెంగ. ఆరు వారాలు దాటాక మగ కౌజులు కూత మొదలుపెడతాయి. రాత్రిళ్లు లైటు వేసి ఉంచితే ఇంకా ఎక్కువ. రెట్ట వాసన సరేసరి. దుర్వాసన, రొద నలుగురిని ఇబ్బంది పెడుతున్నాయని ఫిర్యాదు వెళితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ వాటిని తొలగించమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. దీనికి పిట్ట అడవిదా ఫారందా అన్న తేడా ఉండదు, మీ బిల్లు ఇక్కడ అక్కరకు రాదు. కూత మొదలయ్యేలోపే మగవాటిని ఎవరికైనా ఇచ్చేయండి. రోజూ పెట్టె శుభ్రం చేయండి. వీలైతే ఆయన్ని ఒకసారి పిలిచి పిల్లల్ని చూపించండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

పిల్లలు ఎదిగాక కూడా అదే అట్టపెట్టెలో కుక్కితే జంతు హింస నిరోధక చట్టం, 1960 సెక్షన్ 11 ఉంది. కదలడానికి చోటులేని చోట బంధించడం నేరమే. అలాగే ఉన్నట్టుండి నాలుగైదు ఒకేసారి చనిపోతే పశువైద్యుడికి చెప్పండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చని అనుమానం వస్తే చెప్పి తీరాలని 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం అంటోంది. ఒకటీ అరా నీళ్ల మూతలో పడి చనిపోతే మాత్రం అది రోగం కాదు, పిల్లలు మునగకుండా ఆ మూతలో నాలుగు గాజు గోలీలు వేయండి.

ఇక బావమరిది గుడ్లు. వద్దంటే వద్దు. అడవి పక్షి గూటిని కదిలించినా, గుడ్లు పాడు చేసినా వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ‘వేట’ కిందే లెక్కిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2023 ఏప్రిల్‌కు ముందు ఈ జరిమానా పాతిక వేలే. పైగా ఆ నాలుగు గుడ్లు మీ ఇంక్యుబేటర్‌లోకి వచ్చాయంటే, బిల్లున్న ఇరవై ఒక్క పిల్లల్నీ అనుమానంగానే చూస్తారు. గూడు ఉన్నచోటే వదిలేసి, దాని జోలికి వెళ్లొద్దని ఈ రాత్రే ఆయనకు ఫోన్ చేసి చెప్పండి.