ఆడ కుందేలు మూత్రంలో రక్తం: మూత్రాశయం కంటే ముందు గర్భసంచిని అనుమానించాలి

ప్రశ్న: మా దగ్గర మూడున్నరేళ్ల పెంపుడు ఆడ కుందేలు ఉంది. ఇంతవరకూ పిల్లలు వేయలేదు. పది రోజుల కిందట మూత్రం పోసిన చోట ఎర్రటి మరకలు కనిపించాయి. రెండు రోజుల్లో వాటంతటవే తగ్గిపోయాయి. నిన్నటి నుంచి మళ్లీ వస్తున్నాయి, ఈసారి చిన్న చిన్న రక్తపు గడ్డలు కూడా ఉన్నాయి. మేత మామూలుగానే తింటోంది. వేడి చేసిందేమో అనుకుంటున్నాం. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్రలు నూరి పట్టించవచ్చా?

జవాబు: మాత్రలు పట్టించకండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ లాంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో పీచును పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటి స్థానంలో క్లోస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. దాని వల్ల పట్టుకునే విరేచనాలతోనే కుందేలు చనిపోవచ్చు. పైగా మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బులా లేదు.

కుందేలు మూత్రం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం అనుకోనక్కర్లేదు. లేత పసుపు నుంచి నారింజ, గోధుమ, ముదురు ఎరుపు దాకా ఏ రంగులోనైనా రావచ్చు. బీట్‌రూట్, క్యారెట్, కొన్ని ఆకులు తిన్నప్పుడు, నీళ్లు తక్కువ తాగినప్పుడు, కొన్ని మందులు వాడినప్పుడు రంగు మారి, మూడు నాలుగు రోజుల్లో మామూలవుతుంది. ఇలా వచ్చే రంగు మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఒకే తీరుగా ఉంటుంది, గడ్డలు ఉండవు. రక్తమైతే మరకలో ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా చారలు కడుతుంది, ఆరాక గోధుమ రంగుకు తిరుగుతుంది. మీకు గడ్డలే కనిపించాయి కాబట్టి ఇది రక్తమనే అనుకోవాలి. అయినా పరీక్షతో తేల్చుకోవడం మేలు. పరుపు గడ్డి తీసేసి, కడిగి ఆరబెట్టిన ట్రేలో కుందేలును ఉంచండి. మూత్రం పోయగానే సూది లేని సిరంజితో 2–3 మి.లీ. తీసి, శుభ్రమైన సీసాలో గంటలోపు పశువైద్యుడికి చేర్చండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. రంగు మారే పరీక్ష పట్టీతో రక్తం ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది, ఎర్ర రక్తకణాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. మూత్రం కోసం పొట్ట నొక్కకండి. లోపల కణితి ఉన్నా, మూత్రాశయం నిండి బిగిసి ఉన్నా ఆ నొక్కుడుకు చిట్లే ప్రమాదం ఉంది.

గర్భసంచి తీసే ఆపరేషన్ కాని, మూడేళ్లు దాటిన ఆడ కుందేలు రక్తం పోస్తుంటే మొదట చూడాల్సింది గర్భసంచినే. కుందేళ్లకు నెలసరి రక్తస్రావం ఉండదు, ఎదలో ఉన్నప్పుడు కూడా రక్తం రాదు. కాబట్టి ఏ కాస్త కనిపించినా అది జబ్బు గుర్తే. గర్భసంచి లోపలి పొర మందం కావడం, దాని మీద తిత్తులు, పిలకలు లేవడం, క్యాన్సర్ కణితి పెరగడం ఈ వయసులో చాలా మామూలు. నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో సగానికి పైగా ఈ క్యాన్సర్ కనిపించిన మందలు కూడా ఉన్నాయి. పిల్లలు వేసినా, వేయకపోయినా ముప్పు ఉంటుంది.

రక్తం వచ్చి ఆగిపోవడం దీని తీరు. గర్భసంచిలో ఊరిన రక్తం కొన్నాళ్లు అక్కడే నిలిచి, తర్వాత మూత్రం పోసే చివరలో గడ్డలుగా పడుతుంది, మళ్లీ ఆగుతుంది. తగ్గిందని యజమాని ఊరుకుంటే లోపల కణితి పెరుగుతూనే ఉంటుంది. మేత తింటోంది కదా అని ధైర్యపడటానికీ లేదు. కుందేలు జబ్బును బాగా దాచుకుంటుంది, తిండి మానేసే నాటికి కణితి ఊపిరితిత్తులకు పాకి ఉండవచ్చు. గర్భసంచి గోడలోని రక్తనాళాలు ఉబ్బి చిట్లే జబ్బు మరొకటి ఉంది. అందులో రక్తం ఒక్కసారిగా ఎక్కువ పోతుంది. రెండు కిలోల కుందేలు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 110–130 మి.లీ. మాత్రమే. అందులో 25–30 మి.లీ. పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని ఈ వారంలోపే పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్, ఎక్స్‌రే తీయించండి. ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే కూడా తప్పనిసరి, ఊపిరితిత్తుల్లో మచ్చలు ఉన్నాయో లేదో చూడకుండా కోత వేయకూడదు. కణితి అక్కడికి పాకకపోతే గర్భసంచిని, అండాశయాలను పూర్తిగా తీసేస్తే చాలా కుందేళ్లు ఆరోగ్యంగా బతుకుతాయి. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. కుందేలు వాంతి చేసుకోలేదు, పస్తు వల్ల లాభం లేకపోగా పేగుల కదలిక ఆగిపోతుంది. పొదుగు వెంట వేలితో తడిమి చూడండి. గర్భసంచి జబ్బుతో పాటు చనుకట్ల దగ్గర గడ్డలు రావడం కూడా ఉంటుంది.

స్కానింగ్‌లో గర్భసంచి బాగుందని తేలితే అప్పుడు మూత్రాశయం వైపు చూడాలి. మిగతా జంతువులు మేతలోని క్యాల్షియంలో అవసరమైనంతే పీల్చుకుంటాయి. కుందేలు దొరికినంతా పీల్చుకుని, మిగులును మూత్రంలో వదిలేస్తుంది. అందుకే దాని మూత్రం మామూలుగానే తెల్లగా, మడ్డిగా కనిపిస్తుంది. నీళ్లు చాలక, కదలిక లేక, ఒళ్లు బరువెక్కితే ఆ సున్నం మూత్రాశయంలో పేరుకుని ముద్దగా, చివరకు రాయిగా గడ్డకట్టి లోపలి గోడను గీకుతుంది. అప్పుడు ముక్కుతూ కొద్దికొద్దిగా పోస్తుంది, వీపు విల్లులా వంచి కూర్చుంటుంది, పళ్లు నూరుతుంది, వెనక కాళ్ల మధ్య బొచ్చు తడిసి చర్మం ఒరుసుకుపోతుంది. ఈ రాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా స్పష్టంగా పడతాయి. పెద్ద రాయికి ఆపరేషనే మార్గం. ముద్ద మాత్రమే ఉంటే సెలైన్ ఎక్కించి, మూత్రాశయాన్ని కడిగి తీయవచ్చు. తర్వాత పెద్ద కుందేలుకు లూసర్న్ (క్యాల్షియం ఎక్కువగా ఉండే పశుగ్రాసం), దానితో చేసిన గుళికల దాణా తగ్గించి, మేతలో ఎక్కువ భాగం మామూలు గడ్డి ఎండుమేతే ఉండేలా చూడండి. నీళ్ల సీసా ఒక్కటే కాకుండా వెడల్పు గిన్నె కూడా పెడితే ఎక్కువ తాగుతుంది. రోజుకు కిలో బరువుకు 50–100 మి.లీ. తాగాలి. క్యాల్షియం ఎక్కువని దాన్ని పూర్తిగా ఆపేస్తే ఎముకలు, పళ్లు దెబ్బతింటాయి.

మర్మాంగం దగ్గర పుండ్లు, పక్కులు ఉంటే రక్తం అక్కడి నుంచే కారుతూ ఉండవచ్చు, తోక ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఎలుకల మందు తిన్న కుందేలుకు చిగుళ్లు, ముక్కు నుంచి కూడా రక్తం రావచ్చు. అలాంటి అనుమానం ఉంటే మందు ప్యాకెట్‌తో సహా వెంటనే తీసుకెళ్లండి, విటమిన్ కె ఇంజెక్షన్ పని చేస్తుంది.

చిగుళ్లు పాలిపోయినా, చెవులు చల్లబడినా, 12 గంటలు మేత ముట్టకపోయినా, ముక్కుతున్నా మూత్రం రాకపోయినా వారం దాకా ఆగకండి, అదే పూట తీసుకెళ్లండి. దారిలో ఎండుగడ్డి దగ్గరే ఉంచండి. మరకలు వచ్చిన తేదీలు, ఫోన్‌లో తీసిన ఫొటోలు వైద్యుడికి చూపించండి. వచ్చి ఆగిపోయే రక్తం పరీక్ష నాటికి కనిపించకపోవచ్చు, అప్పుడు ఆ ఫొటోలే ఆధారం.

మీ దగ్గర చిన్న ఆడ కుందేళ్లు ఇంకా ఉండి, వాటితో పిల్లలు వేయించే ఉద్దేశం లేకపోతే, 6 నెలలు దాటాక రెండేళ్లలోపు గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించండి. ఆ వయసులో పొట్టలో కొవ్వు తక్కువగా ఉండి ఆపరేషన్ తేలికవుతుంది, త్వరగా కోలుకుంటాయి.