నగల షాపులో నీతిగా ఉంటే గిట్టుబాటవుతుందా?

మండల కేంద్రంలో నగల షాపు పెడుతున్నామని, ఈ లైనులో అందరూ ఏదో ఒక మతలబు చేస్తారట, అన్నీ సక్రమంగా చేస్తే నిలదొక్కుకోగలమా అని అడిగారు. నిలదొక్కుకోగలరండి. అసలు ఈ వ్యాపారంలో మోసం ఎక్కువ కాలం దాగదు. చీర అమ్మితే చిరిగిపోతుంది, మిఠాయి అమ్మితే అయిపోతుంది. నగ మాత్రం పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మళ్లీ ఎవరో ఒకరి కౌంటరు మీదికి వస్తుంది, కరిగిస్తారు. మేలిమి, అంటే బంగారం స్వచ్ఛత, తక్కువని తేలితే ఎదుటి షాపువాడు ఆ మాట దాచిపెడతాడా? ఆ ఇంటి పెళ్లి బేరం మీకు పోతుంది, వాళ్ల చుట్టాల బేరాలూ పోతాయి.

ముందు మేలిమి సంగతి. 22 క్యారెట్లంటే వెయ్యికి 916 పాళ్లు, 20 క్యారెట్లంటే 833. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల ధర గ్రాముకు 10,000 అనుకోండి. 40 గ్రాముల హారం 916 అని చెప్పి 833ది ఇస్తే కొన్నవాళ్లకు సుమారు 36 వేలు నష్టం. హాల్‌మార్క్ (మేలిమి పరీక్షించి వేసే ముద్ర) వేసి అమ్మిన నగలో మేలిమి తగ్గితే, ఆ తేడాకు రెండింతలు, పరీక్ష ఖర్చులు కలిపి కట్టాలని 2018 బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నియమాలు చెబుతున్నాయి. ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటని షాపుకు హాల్‌మార్కింగ్ తప్పనిసరి కాదు. ఆ మినహాయింపు చూసి మురిసిపోకండి. పై ధరకు 400 గ్రాములు అమ్మితేనే ఆ హద్దు వచ్చేస్తుంది. హాల్‌మార్క్ రుసుము బరువును బట్టి కాదు, నగల లెక్కన ఉంటుంది. మొదటి రోజు నుంచే వేయించండి.

హాల్‌మార్క్ ఉన్నా తప్పు జరిగే చోటు ఒకటుంది. ముద్ర పడిన తర్వాత గొలుసు పొడవు పెంచడానికో, కొక్కెం మార్చడానికో పనివాడి దగ్గరికి పంపుతారు. అక్కడ తక్కువ మేలిమి ముక్క అతికితే, టంకం (అతికే లోహం) ఎక్కువ వాడితే, ముద్ర 916 చెబుతుంది, కరిగిస్తే 900 కూడా రాదు. నగను కరిగించకుండా ఎక్స్‌రేలతో మేలిమి చూసే ఎక్స్‌ఆర్ఎఫ్ మిషను పైపొరనే చూస్తుంది కాబట్టి మీ కౌంటరులో అది పట్టుబడకపోవచ్చు. అందుకని మార్పులన్నీ ముద్రకు ముందే చేయించండి. తప్పనిసరైతే మార్చాక మళ్లీ హాల్‌మార్కింగ్ సెంటరుకే పంపండి. నగ మీద ఉండే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీని కొనేవాళ్ల ఎదుటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూపించండి. యాప్ 'ఉంగరం' అంటుంటే చేతిలో గాజు ఉందంటే ఆ నంబరు వేరే నగది. హోల్‌సేల్ సరుకు దించుకునేటప్పుడు మీరూ ఇదే చూసుకోవాలి. (ఇప్పటికీ 'కేడీఎం బంగారం' అని అడిగేవాళ్లు ఉంటారు. అది కాడ్మియం కలిపిన టంకం పేరు, మేలిమి పేరు కాదు. ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులు పాడుచేస్తుంది. ఓపిగ్గా చెప్పండి.)

ఇక తరుగు, అంటే తయారీలో బంగారం పోతుందని బిల్లులో వేసే శాతం. తయారీలో నిజంగా పోయే బంగారం చాలా తక్కువ, రాలిన పొడిని కూడా తిరిగి రాబడతారు. బిల్లులో ఉండే తరుగులో ఎక్కువ భాగం షాపు లాభమే. లాభం తీసుకోవడంలో తప్పేమీ లేదు, దాన్ని దాచడంలోనే ఉంది. 'మజూరీ (తయారీ కూలి) ఉచితం' అని బోర్డు పెట్టి తరుగు 18 శాతం వేసేవాళ్లను ఊరంతా ఎరుగును. రాళ్ల నగల్లో ఇంకో మెలిక ఉంది. 40 గ్రాముల హారంలో రాళ్లు, లక్క కలిసి 5 గ్రాములుంటే నెట్ వెయిట్, అంటే ఒట్టి బంగారం బరువు, 35. మొత్తం 40కీ బంగారం ధర కడితే 50 వేలు అదనంగా లాగినట్టు. 12 శాతం తరుగును గ్రాస్ (మొత్తం బరువు) మీద వేస్తే 4.8 గ్రాములు, నెట్ మీద వేస్తే 4.2. బిల్లులో గ్రాస్, రాళ్లు, నెట్, తరుగు, మజూరీ, రాళ్ల ఖరీదు, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాయండి. మొదట్లో బేరమాడటం పెరుగుతుంది, ప్రతి అంకె మీదా వాదిస్తారు. కొన్నాళ్లకు అదే బిల్లు పట్టుకుని ఇంకొకరిని వెంటబెట్టుకొస్తారు.

నగల షాపులు ఎక్కువగా మునిగేది మాత్రం నెలనెలా వాయిదాలు కట్టించుకుని చివర్లో నగ ఇచ్చే స్కీముల్లో. అక్కడ మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా మోసంగానే తేలుతుంది. 200 మంది నెలకు 5,000 చొప్పున కడితే 10 లక్షలు. గ్రాముల లెక్కన స్కీము (ప్రతి వాయిదాను ఆనాటి ధరకు గ్రాముల్లో జమ చేసేది) అయితే ఆ నెల మీరు 100 గ్రాములు బాకీ పడ్డారన్నమాట. ఆ డబ్బు షాపు అద్దెకో, పండగ స్టాకుకో, స్థలం అడ్వాన్సుకో మళ్లించారనుకోండి. ధర 12,000 అయ్యేసరికి అవే 100 గ్రాములకు 12 లక్షలు కావాలి. ఇలా నెలనెలా పేరుకుంటుంది. అప్పుడు పాత బాకీ తీర్చడానికి కొత్త స్కీము మొదలుపెడతారు, అక్కడి నుంచి వెనక్కి రావడం కష్టం. కాబట్టి వాయిదా అందిన రోజే అంత బరువు బంగారం కొని, షాపు స్టాకుతో కలపకుండా వేరే లెక్కలో ఉంచండి. అది చేతకాదనుకుంటే గ్రాముల స్కీము పెట్టొద్దు. డబ్బు లెక్క స్కీము అయినా ఆ ఖాతా వేరుగా ఉండాలి. కంపెనీగా నడిపితే సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సు 365 రోజుల్లో సర్దుబాటు కాకపోతే చట్టం దృష్టిలో డిపాజిట్ అయిపోతుంది. చాలా స్కీములు 11 నెలలకే ముగియడానికి కారణం అదే. నెలకు ఇంత శాతం వడ్డీ అని నోరు జారితే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

నగదు విషయం ఒక్క మాటలో చెబుతాను. ఒకరి దగ్గర ఒకే రోజు 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ పడుతుంది. ఒకే బేరాన్ని నాలుగు బిల్లులుగా విడగొట్టినా తప్పించుకోలేరు.

పాత బంగారం కొనేటప్పుడు తెచ్చినవాళ్ల ఎదుటే తూచండి, కరిగించండి, వచ్చిన బిళ్లను వాళ్ల ఎదుటే పరీక్షించండి. కాటాకు తూనికల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించి, ఆ కాగితం కౌంటరులో కనబడేలా పెట్టండి. కరిగించకముందు నగ ఫొటో, అమ్మినవాళ్ల ఆధార్ నకలు, సంతకం, పాత బిల్లు ఉంటే దాని నకలు తీసుకోండి. డబ్బు బ్యాంకు ఖాతాకే వేయండి. బిల్లు లేదు, ధర ఎంతైనా ఫరవాలేదు, ఇప్పుడే కరిగించేయండి అనే మనిషి ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. ఆ సరుకు దొంగదని తేలితే పోలీసులు మీ షాపుకే వస్తారు. బంగారం రికవరీ కింద పోతుంది, మీరిచ్చిన డబ్బు తిరిగి రాదు, తెలిసే కొన్నారని కేసూ పెట్టవచ్చు. అలాంటి నగను చేత్తో కూడా ముట్టుకోకండి.