చెర్వు కట్ట మీద టూరిజం: పంచాయతీ చేతుల ఏమున్నది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. మాది దేవరకొండ దిక్కు చిన్న ఊరు. ఊరి పక్కన పెద్ద చెర్వు, దాని ఎన్క గుట్ట. అలుగు పారిందంటే ఐతవారం నాడు హైదరాబాద్ నుంచి కార్లు బారులు కడ్తయి, ఎవరో రీల్ పెట్టిన్రంట, గప్పటి సంది ఇదే లొల్లి. వాళ్లు ఫొటోలు దిగి పోతరు, సోమవారం పొద్దుగాల మా పంచాయతీ సఫాయి అక్క బీరు సీసాలు, బిర్యానీ డబ్బాలు ఏరుకుంట కట్ట పొడుగూత నడుస్తది. మా మేనబావ టెక్సాస్ల ఉంటడు, ఆడ చిన్న కౌంటీలు (అంటే ఆడి జిల్లాల లాంటివి) గూడ చట్టం తెచ్చుకుని హోటల్ టాక్స్ పైసలతోటి ఆటలకు, పశువుల షోలకు పెద్ద పెద్ద హాళ్లు కట్టుకుంటయట. మా సర్పంచ్ గట్ల ఎందుకు చెయ్యరాదు? బోటింగ్, పార్కు పెట్టి టికెట్ పెడ్తే నడుస్తదా?

జవాబు: తమ్మీ, మీ బావ చెప్పింది నిజమే గని సగమే చెప్పిండు. టెక్సాస్ల 254 కౌంటీలున్నయి, అండ్ల లవింగ్ అనే కౌంటీల 2020 లెక్కల ప్రకారం ఉన్నది 64 మంది, మనకు ఒక్క వాడకట్టు అంత గూడ లేరు. ఆ కౌంటీలు గూడ మన పంచాయతీల లెక్కనే, రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారమే తప్ప సొంతంగ ఏదీ లేదు. గందుకే చిన్న కౌంటీకి పన్ను వెయ్యాలన్నా, వేదిక కట్టాలన్నా వాళ్ల ఎమ్మెల్యే లాంటాయన పోయి సభల బిల్లు పెట్టాలె. ఇండ్ల ఒక తమాషా ఏందంటే ఒక్క ఊరి కోసం చట్టం చెయ్యొద్దని వాళ్ల రాజ్యాంగంల ఉన్నది, అందుకని పేరు రాయకుండ "జనాభా ఇంతకు తక్కువున్న, ఫలానా నది పారే కౌంటీ" అని రాస్తరు, చదివినోళ్లకు అది ఏ కౌంటో ఎరికే, అందరూ ఎరుకలేనట్టే ఉంటరు.

ఇగ 1997ల ఒక చట్టం తెచ్చిన్రు, అరీనాలు, స్టేడియాలు, ఎగ్జిబిషన్ హాళ్ల లాంటివి కట్టుకునేటందుకు. ముందు ఈ పనితోటి రాష్ట్ర ఖజానాకు గండి పడదని లెక్కల అధికారి చెప్పాలె, ఆనక జనం ఓటేసి ఒప్పుకోవాలె. ఏం కడ్తున్నరు, ఏ పన్ను వేస్తున్నరు అనేది బ్యాలెట్ మీదనే ఉంటది. హోటల్ రూము మీద వేసే పన్ను మామూలుగ 2 శాతం దాటొద్దు. నాకు నచ్చింది ఏందంటే ఆ పన్ను కట్టేది రాత్రి ఆగిన బయటోడు, ఓటేసేది ఊరోడు.

ఇప్పుడు మన చెర్వు కాడికొద్దాం. నీళ్లు, కట్ట, తూము, అలుగు ఇరిగేషనోళ్లయి. చేపలు మత్స్య సహకార సంఘపోళ్లయి. గుట్ట ఫారెస్టుల ఉంటే ఆ శాఖది, లేకుంటే రెవెన్యూది. ఇగ పంచాయతీకి మిగిలింది ఏంది? సోమవారం చెత్త. రాజ్యాంగంల పంచాయతీలకు అప్పజెప్పొచ్చు అని 11వ షెడ్యూల్ల 29 విషయాలు రాసిన్రు, చిన్ననీటి వనరులున్నయి, చేపలున్నయి, సంతలున్నయి, ఊరి ఉమ్మడి ఆస్తులున్నయి, టూరిజం అన్న మాట మాత్రం లేదు. 73వ సవరణ వచ్చిన 1992ల చెర్వు కట్ట మీద సెల్ఫీలు దిగుతరని ఎవరనుకున్నరు!

హోటల్ పన్ను సంగతి మర్చిపోండ్రి, 2017 జూలైల జీఎస్టీ వచ్చినంక లగ్జరీ టాక్స్ అండ్లనే కలిసిపోయింది, అసలు మీ ఊర్ల లాడ్జి ఏడున్నది. వినోదపు పన్నును మాత్రం పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసుకునేటంత వరకు జీఎస్టీల కలపకుండ మిగిల్చిన్రు, అయితే దానికి గూడ రాష్ట్ర చట్టం దారి ఇయ్యాలె. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం పైసలు పెడ్దామంటే, 2021-26కు 15వ ఆర్థిక సంఘం 60 శాతాన్ని తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసింది.

మరి ఏం చెయ్యొచ్చు అంటే, బండ్ల కాన్నుంచి మొదలువెట్టుండ్రి. బండ్లు ఆగే జాగ పెట్టి ఫీజు తీసుకునుడు, సంత వేలం పాడుడు, ఇవి మన పంచాయతీలకు పాతకాలం నుంచి అలవాటున్న పనులే. కట్టకు ఇవతల పంచాయతీ జాగల పార్కింగ్ పెట్టి, రసీదు బుక్కు కొట్టించి, ఆ పైసలతోటి రెండు టాయిలెట్లు, నాలుగు చెత్త డబ్బాలు, ఐతవారం ఒక మనిషి కూలి ఎల్లేటట్టు చూసుకోండ్రి, మక్క కంకులు, సర్వపిండి అమ్ముకునేటందుకు మహిళా సంఘపోళ్లకు జాగ ఇయ్యుండ్రి. బోటింగ్ జోలికి మాత్రం మీ అంతట మీరు పోకుండ్రి, ఇరిగేషన్ పర్మిషన్, టూరిజం శాఖ, లైఫ్ జాకెట్లు, ఏదన్న జరగరానిది జరిగితే కేసు సర్పంచ్ మెడకే చుట్టుకుంటది.

ఇంకోటి, 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటది. సర్పంచుల గడువు అయిపోయి 2024 ఫిబ్రవరి నుంచి స్పెషల్ ఆఫీసర్ల పాలనే నడిచింది, 2025 డిసెంబర్ల ఎన్నికలైనంకనే మళ్ల సర్పంచులొచ్చిన్రు. టెక్సాసోళ్ల బ్యాలెట్ మన దగ్గర లేదు గని గ్రామసభ ఉన్నది, పార్కింగ్ రేటు ఎంత, పైసలు దేనికి ఖర్చు పెడ్తరు అనేది ఆడ చదివి తీర్మానం రాయించుండ్రి. చేపల సంఘపోళ్లను పిలవకుండ తీర్మానం చేస్తే వాళ్లు వలలు తెచ్చి మీ పార్కింగ్లనే ఆరేస్తరు, తప్పు వాళ్లది కాదు.

ప్రశ్న: మాకు చెర్వు శిఖంల (చెర్వు నిండితే మునిగే భూమి) 2 ఎకరాల పట్టా ఉన్నది. చిన్న రిసార్ట్ కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దు. శిఖం పట్టాకు నీళ్లు తగ్గినప్పుడు పంట ఏసుకునే హక్కే, ఎఫ్‌టీఎల్ (చెర్వు నిండుగ ఉన్నప్పుడు నీళ్లు వచ్చే హద్దు) లోపల పిల్లర్ లేపితే కూలగొడ్తరు. ఎఫ్‌టీఎల్ దాటినంక గూడ 25 ఎకరాలు దాటిన చెర్వుకు 30 మీటర్ల బఫర్, అంటే ఏం కట్టకుండ ఖాళీ జాగ, వదలాలె. రిసార్ట్ కోసం ఎవరి కాడన్న అడ్వాన్స్ తీసుకుంటే వాపస్ ఇచ్చెయ్యుండ్రి.

ప్రశ్న: పోచంపల్లికి అవార్డు ఎట్లొచ్చింది? వాళ్లేం కట్టిన్రు?

జవాబు: 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం అన్నది. జనం పోయేది మగ్గాలు చూసేటందుకు, 1951ల వినోబా భావేకు భూదానం మొదలైన జాగ చూసేటందుకు. అవార్డు గ్రామానికి వచ్చేనాటికే అది మున్సిపాలిటీ అయిపోయింది, అది వేరే ముచ్చట.

ప్రశ్న: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కాడ ఊడలు ముట్టనియ్యరు. గింత స్ట్రిక్ట్ ఎందుకు?

జవాబు: 2017 ఆఖర్ల చెదలు పట్టి పెద్ద కొమ్మ కూలింది, మూసేసిన్రు. 2018ల మనిషికి ఎక్కిచ్చినట్టు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడగట్టి మందు ఎక్కిచ్చిన్రు. దాదాపు 700 ఏండ్ల మాను అంటరు. చిన్నప్పుడు స్కూల్ టూర్ల ఆ ఊడలు పట్టుకుని ఊగినోళ్లల్ల నేను గూడ ఒకణ్ని, గందుకే మీ మీద గట్టిగ మాట్లాడలేకపోతున్న.