ఆవిరి లెక్క దగ్గర తొందరపడకు

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. డిప్లొమాలో థర్మల్ పేపరు మొదలైందనీ, సెలవుల్లో లెక్కలన్నీ సొంతంగా చేసుకుని, చదువయ్యాక బాయిలర్ అప్రెంటిస్‌గా వెళ్తానంటున్నావనీ అక్క ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఆ పని ఎవరూ ఎంచుకోరనుకున్నాను. చాలా సంతోషమేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇచ్చినవన్నీ యూనిట్లతో సహా రాసుకో. గ్రాములూ కిలోలూ కలిపెయ్యకు. ఉష్ణోగ్రతల తేడాకి 273 కలపక్కర్లేదు. 30 నుంచి 100 అంటే కెల్విన్లలోనూ 70 తేడానే. రేడియేషన్ లెక్కల్లో మాత్రం ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతం ఉంటుంది కాబట్టి కెల్విన్లలోకి మార్చి తీరాలి. ఇవి మీ మాస్టారు చెప్పే ఉంటారు.

నా భయమంతా నీళ్లు ఆవిరయ్యే చోటు గురించి.

నాతో ట్రైనింగ్‌లో చేరిన కుర్రాడొకడు క్లాసులో ఎప్పుడూ ఫస్టే. 30 డిగ్రీల నీళ్లు కిలో తీసుకుని మొత్తం ఆవిరి చెయ్యడానికి ఎంత వేడి కావాలని ఫోర్‌మన్ అడిగితే, కిలో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పట్టే 4.19 కిలోజౌళ్లని గబగబా 70తో గుణించి 293 కిలోజౌళ్లన్నాడు. 100 డిగ్రీల దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగకుండానే నీళ్లు ఇంకో 2257 తీసుకుంటాయి. మొత్తం 2550. ఫోర్‌మన్ దిద్దాడు, వాడు తలూపాడు.

కొన్నాళ్లకి వాల్వు గ్లాండు (వాల్వు కాడ చుట్టూ ఆవిరి కారకుండా బిగించే చోటు) దగ్గర ఆవిరి కారుతుంటే, ఎక్కడినుంచో చూద్దామని గ్లౌజు తీసి తడిమాడు. ఆవిరి బయటికొచ్చే చోట కంటికి కనబడదమ్మా. కాస్త ముందుకెళ్లి చల్లబడి తుంపరయ్యాకే తెల్లగా కనిపిస్తుంది. వాడు ఆ తెలుపుకి ఇవతల, ఏమీ లేదనుకున్న చోట చెయ్యి పెట్టాడు. 100 డిగ్రీల ఆవిరే అనుకున్నా, ఒక్క గ్రాము చర్మం మీద నీరైతే 2257 జౌళ్లు అక్కడే వదిలేస్తుంది. ఆ నీరు ఒంటి వేడికి దిగేలోపు ఇంకో 260. మరిగే నీళ్లు పడితే ఆ 260తోనే పోయేది. వేళ్ల మీద చర్మం ఊడొచ్చేసింది. తర్వాత వాడు ఆ చేత్తో స్పానర్ గట్టిగా పట్టుకోగా నేను చూడలేదు.

అందుకే ప్రతి లెక్క పక్కనా, వేడి ఇచ్చేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చిన్న గ్రాఫు గీసుకో. గీత ఎక్కడ అడ్డంగా సాగుతుందో చూడు. ఐసు కరిగే చోట కిలోకి 334 కిలోజౌళ్లు, మరిగే చోట 2257. ఈ 2257 మామూలు వాతావరణ పీడనంలో అంకె. బాయిలర్లో 10 బార్ పీడనం దగ్గర నీళ్లు 180 డిగ్రీలకి మరుగుతాయి, గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరగకుండా ఆవిరవడానికి పట్టే వేడి, సుమారు 2015కి తగ్గుతుంది. కాబట్టి ఏ పీడనానికి ఏ అంకెలో చెప్పే స్టీమ్ టేబుల్స్ చూడకుండా అంకె వెయ్యకు.

లెక్క తేలకపోతే అన్నం మానేసి కూర్చుంటున్నావట. అదేం పద్ధతి? ముందు తిను. అప్పటికీ రాకపోతే ఫొటో తీసి పెట్టు, ఎంత రాత్రయినా చూస్తాను.

నా స్టీమ్ టేబుల్స్ పుస్తకం కొరియర్ చేస్తున్నాను. గ్లౌజులు కూడా కొనాలి, నీ అరచేతి చుట్టుకొలత టేపుతో చూసి చెప్పు.

నీ మావయ్య