చేయి పడిపోయి కాలు ఎందుకు మిగిలింది?

ప్రశ్న: పక్షవాతంతో మా నాన్నగారి ఎడమ చేయి, మూతి పడిపోయాయి. కాలు మాత్రం దాదాపు బాగానే ఉంది. ఒకే వైపున ఈ తేడా ఎందుకండీ?

జవాబు: కండరాలకు ఆజ్ఞలు పంపే మోటార్ న్యూరాన్లు మెదడు పైపొరలో, నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక పట్టీలో శరీరభాగాల వారీగా అమరి ఉంటాయి. కాలి చోటు రెండు అర్ధగోళాల నడుమ లోపలి గోడ మీద, చేతి చోటు బయటి వైపున, ముఖం, నాలుకల చోటు ఇంకా దిగువన ఉంటాయి. మాంట్రియల్ వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్, శస్త్రచికిత్సలో మెలకువగా ఉన్న రోగుల మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకుతూ, ఎక్కడ తాకితే ఏది కదులుతుందో గుర్తించి, ఆ పటాన్ని సహచరుడితో కలిసి 1937లో ప్రచురించారు. అందులో మొండెం మొత్తం కంటే చేతికే ఎక్కువ చోటు దక్కింది. సూదిలో దారం ఎక్కించేది వేళ్లే కదా!

చేతికి, ముఖానికి చెందిన చోట్లకు రక్తం అందించే ధమని వేరు, కాలి చోటుకు అందించేది వేరు. మొదటిది మూసుకుపోతే కాలు చాలావరకు తప్పించుకుంటుంది. నాడీతంతువుల్లో అధికభాగం మెదడు అడుగున అవతలి వైపుకు దాటుతాయి కనుక, మీ నాన్నగారికి దెబ్బ కుడి మెదడులో తగిలి ఉండవచ్చు. స్కాన్ చూసిన వైద్యులే దాన్ని నిర్ధారించగలరు. అయితే ఈ పటం సర్వేరాళ్లు పాతిన పొలం కాదు, పక్కపక్క భాగాల హద్దులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి.