ట్రైలర్‌కి చార్జర్ బిగించే ముందు

చిరంజీవి కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

కారు వెనక తగిలించి లాగే పాత క్యాంపింగ్ ట్రైలర్ కొన్నావని, ఎంతసేపు ప్లగ్‌లో ఉంచినా బ్యాటరీ నిండటం లేదని, వేరే చార్జర్ బిగిస్తానని రాశావు. ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చెయ్యి అల్లుడూ. బ్యాటరీని సగం దాకా దిగనిచ్చి, క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి ప్లగ్ పెట్టి, మల్టీమీటర్‌తో ముందు కన్వర్టర్ (120 వోల్టుల కరెంటుని 12 వోల్టుల వైపుకి మార్చి బ్యాటరీ నింపే పెట్టె) దగ్గర, తర్వాత బ్యాటరీ టెర్మినల్స్ మీద వోల్టులు చూడు. అక్కడ 14.4 ఉండి ఇక్కడ 13.3 చూపిస్తే, తేడా మొత్తం మధ్యలో వైరే తినేస్తోంది. నిండిన బ్యాటరీ మీద కొలిస్తే కరెంటు తక్కువ పారుతుంది కాబట్టి ఈ లోపం బయటపడదు.

ఇక్కడ అమెరికాలో చాలా ట్రైలర్లకి బ్యాటరీ ముందు హిచ్ (కారుకి తగిలించే కొక్కెం) దగ్గర, కన్వర్టర్ ఎక్కడో లోపల ఉంటాయి. మధ్య 20 అడుగులంటే పోనూ రానూ 40 అడుగుల వైరు. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 10 గేజ్ వైరులో 30 ఆంపులు పారితే దాదాపు 1.2 వోల్టులు పోతాయి. 4 గేజ్ వేస్తే 0.3 పోతుంది. ఎంత ఖరీదైన చార్జర్ కొన్నా సన్న వైరు వేస్తే డబ్బు దండగ.

అందుకే చార్జర్‌ని బ్యాటరీకి దగ్గర్లో పెట్టి, పొడుగు వైరు 120 వోల్టుల వైపు లాగు. 30 ఆంపుల చార్జర్ ఆ వైపు నుంచి తీసుకునేది నాలుగైదు ఆంపులే, 14 గేజ్ వైరు చాలు. దానికి విడిగా 15 ఆంపుల బ్రేకర్ పెట్టు. చార్జర్ ఆన్‌లో ఉన్నప్పుడు పాత కన్వర్టర్ బ్రేకర్ ఆపెయ్యి. రెండూ కలిసి నడిస్తే ఒకదాని వోల్టేజ్ చూసి రెండోది బ్యాటరీ నిండిందనుకుంటుంది. దగ్గర్లో అన్నాను కదా అని బ్యాటరీ పెట్టెలోనే బిగించకు. నీళ్లు పోసే బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు.

రంగుల విషయంలో మాత్రం నాకు నిజంగా భయం. మన ఊళ్లో నలుపు న్యూట్రల్. ఇక్కడ 120 వోల్టుల్లో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. అదే ట్రైలర్‌లో 12 వోల్టుల వైపుకొస్తే చాలాసార్లు నలుపు ప్లస్, తెలుపు మైనస్. రంగుని నమ్మొద్దు, ప్రతి వైరుకీ మీటర్ పెట్టి చూడు. ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకు. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో కలిపి ఉంటాయి, ట్రైలర్‌లో కలిపితే బండి ఇనుప బాడీలోకి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది.

పని మొదలుపెట్టేటప్పుడు ప్లగ్ పీకెయ్యి, బ్యాటరీ మైనస్ ముందు విప్పు, చేతి ఉంగరం తీసి జేబులో వేసుకో. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపు 40 ఆంపుల ఫ్యూజు, అక్కడి నుంచి చార్జర్ దాకా 8 గేజ్ రాగి వైరు, నాలుగైదు అడుగులు మించకుండా. వైరు కొన తోలు తీశాక పోగులన్నీ లగ్ (వైరు కొనకి తొడిగే లోహపు తొడుగు) లోకి వెళ్లాయో లేదో చూసుకుని, దాన్ని నొక్కే సరైన పట్టకారు, అంటే క్రింపర్‌తో నొక్కి, బలంగా లాగి చూడు. ఏమాత్రం కదిలినా కోసేసి కొత్త లగ్ వెయ్యి. ఒట్టి సోల్డర్ మీద ఆధారపడకు, రోడ్డు కుదుపులకి అతుకు పక్కనే వైరు విరుగుతుంది. చివర్లో మైనస్ బిగించు.

లిథియం బ్యాటరీ అయితే చార్జర్‌లో దానికి సెట్టింగ్ ఉందో లేదో చూసుకో, సున్నా డిగ్రీల సెల్సియస్ కింద చార్జి పెట్టకు.

అరగంట నడిచాక 12 వోల్టుల వైపు అతుకులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూడు. ఏదైనా వేడెక్కితే అది వదులుగా ఉన్నట్టే, ఆపేసి మళ్లీ బిగించు.

ప్లగ్ పీకేశాక బ్రేకర్ బాక్సు మూత తీసి నాకొక ఫోటో పంపు. నేను చూసి చెప్పేదాకా 120 వోల్టుల వైపు చెయ్యి పెట్టకు.

మీ మామయ్య