టర్బో కారుకు ఇథనాల్ సెన్సర్ అవసరమా? ఎక్కడ బిగించాలి?

అమెరికాలో ట్యూన్ చేసిన టర్బో కారుకు ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు) వాడాలనుకుంటే, ఇంధనంలో ఇథనాల్ శాతాన్ని కొలిచే సెన్సర్ తప్పక పెట్టించండి. అక్కడి బంకుల్లో ఈ85 పేరుతో అమ్మే దాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా, సీజన్‌ను బట్టి ఎంతైనా ఉండొచ్చు. ఇథనాల్ పెరిగేకొద్దీ ఇంధనం ఎక్కువ కావాలి. మామూలు పెట్రోలుతో పోలిస్తే ఈ85కి సుమారు 30 శాతం అదనం. ఆ తేడా ఈసీయూకి (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కి) తెలియకపోతే ఇంధనం చాలక, ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో గరిష్ఠంగా గాలి నెడుతున్నప్పుడు, పిస్టన్లే పోవచ్చు.

వైరింగ్ తేలికే: 12 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్. జీఎం (జనరల్ మోటార్స్) తరహా సెన్సర్ 50 హెర్ట్జ్ పంపితే ఇథనాల్ లేనట్టు, 150 పంపితే నూరు శాతం. ఇంధనం ఎంత వేడిగా ఉందో కూడా అదే సిగ్నల్‌లో పల్స్ వెడల్పును బట్టి తెలుస్తుంది. మీ ఈసీయూ ఫ్రీక్వెన్సీ చదవలేకపోతే 0-5 వోల్టులుగా మార్చే కన్వర్టర్ మధ్యలో పెట్టాలి.

రిటర్న్ లైన్ (మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకు తిరిగి పంపే గొట్టం) ఉన్న కారులో ఇంధన పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ తర్వాత బిగించడమే నాకు సరైనదనిపిస్తుంది. ఇంజిన్‌కు ఇంధనం తెచ్చే ఫీడ్ లైన్‌లో పెడితే సెన్సర్ లోపలి సన్నని దారి ఎక్కువ పవర్ దగ్గర ప్రవాహాన్ని తగ్గించే ప్రమాదం ఉంది. రిటర్న్ లేని కార్లలో మాత్రం ఫీడ్ లైనే గతి. ఎక్కడ పెట్టినా ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉంచండి. స్టార్ట్ చేసే ముందు ఇంధన పంపు మాత్రమే ఆన్ చేసి, ప్రతి జాయింటు దగ్గరా లీకు ఉందేమో చూడండి.